రెండు స్టాపుల మధ్య దూరం

టొరంటో సిటీ బస్సుల్లో ఒక నియమం ఉంది. పొద్దుపోయాక ఒంటరిగా ప్రయాణించే మనిషి ఇల్లు రెండు స్టాపుల మధ్యలో ఎక్కడో ఉంటే, కనీసం ఒక స్టాపు ముందుగా డ్రైవరుకు చెప్పాలి. డ్రైవరు వీలైన చోట చూసి బస్సు ఆపుతాడు. దిగడం ముందు తలుపు నుంచే. వెనక తలుపు తెరవరు.

అసలు కిటుకంతా ఆ చివరి మాటలో ఉంది. వెనక తలుపు కూడా తెరుచుకుంటే, ఒంటరిగా దిగే ఆడమనిషి వెంటపడదామని కూర్చున్నవాడు తాపీగా అటు నుంచి దిగిపోతాడు. ముందు తలుపు ఒక్కటే తెరిస్తే, దిగే ప్రతి మనిషీ డ్రైవరు పక్క నుంచే పోవాలి. కార్యాలయంలో కూర్చుని రూట్ మ్యాపు గీసేవారికి ఇలాంటి జాగ్రత్త తట్టడం కష్టం. చీకట్లో వెనక నుంచి అడుగుల చప్పుడు విన్నవాళ్లకు చెప్పకుండానే తెలుస్తుంది.

టొరంటోలో ఇది ఊరికే రాలేదు. 1980ల మొదట్లో ఆ నగరంలో ఆడవాళ్లపై వరసగా దాడులు జరిగాయి. 1984లో మెట్రాక్ అనే సంస్థ ఏర్పడింది. స్త్రీలు, పిల్లలపై హింసను ఆపడమే దాని పని. ఆ సంస్థ మహిళలు పోలీసు గణాంకాల కోసం కాచుకుని కూర్చోలేదు. రాత్రిపూట గుంపుగా నడుస్తూ, టార్చీ, కాగితం, పెన్ను పట్టుకుని, స్టేషన్లూ పార్కులూ కార్లు నిలిపే చోట్లూ తిరిగి చూశారు. ఎదురుగా వచ్చే మనిషి ముఖం ఎంత దూరం నుంచి గుర్తుపట్టొచ్చు, కేకేస్తే వినే నాథుడు ఉన్నాడా, పరుగెత్తాల్సి వస్తే దారి ఎటు, మలుపు అవతల ఏముందో కనిపిస్తోందా అని రాసుకున్నారు. దీనికి సేఫ్టీ ఆడిట్ అని పేరు పెట్టి, 1989లో ఎవరైనా వాడుకునేలా ఒక మార్గదర్శినిగా అచ్చేశారు. నగర రవాణా సంస్థ, పోలీసులు వాళ్లతో కలిసి మెట్రో స్టేషన్లను పరిశీలించారు. ప్లాట్‌ఫామ్ మీద ఒక భాగాన్ని గుర్తించి, అక్కడ బాగా వెలుతురు, కెమెరా, సిబ్బందితో మాట్లాడే మీట పెట్టి, రైలు గార్డు ఉండే పెట్టె సరిగ్గా అక్కడే ఆగేలా చూడటం అప్పటి ఏర్పాటే. అర్ధరాత్రి రైలు కోసం నిలబడే మనిషి ఎక్కడ నిలబడితే ఎవరికైనా కనబడుతుందో ఆలోచించి చేసిన పని అది.

ఇంతలో నగరానికి తూర్పున ఉన్న స్కార్‌బరోలో 1987 నుంచి ఒకడు యువతులపై దాడులు మొదలుపెట్టాడు. బాధితుల్లో చాలామంది రాత్రి బస్సు దిగి ఇంటికి నడిచి వెళ్తున్నవాళ్లు. బస్సులో వాళ్లకు ఏమీ కాలేదు. స్టాపు దగ్గరా ఏమీ కాలేదు. స్టాపుకీ గుమ్మానికీ మధ్య ఉన్న దూరంలో జరిగింది. వాడు పట్టుబడింది 1993లో. ఈలోగానే, 1991లో, బస్సు సంస్థ ఈ రిక్వెస్ట్ స్టాప్ పద్ధతి తెచ్చింది. మొదట రాత్రి 9 నుంచి ఉదయం 5 దాకా, ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు మాత్రమే. 2011లో ఆడా మగా తేడా లేకుండా ఒంటరిగా ప్రయాణించే అందరికీ వర్తింపజేశారు. రాత్రి షిఫ్టు ముగించుకుని చలిలో బ్లూ నైట్ బస్సు ఎక్కే మన తెలుగు పిల్లలు ఆ నగరంలో ఇప్పుడు ఎందరో ఉన్నారు. వాళ్లలో ఈ సదుపాయం తెలియనివాళ్లూ ఉంటారు. తెలుసుకోవడం మంచిది.

మాంట్రియల్‌లో ఇలాంటిదే 1996లో వచ్చింది. వాళ్లు పెట్టుకున్న వేళలు చూస్తే ముచ్చటేస్తుంది. వేసవి నెలల్లో రాత్రి 9 నుంచి, మిగతా నెలల్లో ఏడున్నర నుంచి. అక్కడ శీతాకాలంలో సాయంత్రానికే చీకటి పడుతుంది కాబట్టి గడియారాన్ని కాకుండా సూర్యుణ్ని చూసి నియమం రాశారన్నమాట. ఆ నగరంలోనూ దీని వెనక ఉన్నది మహిళా సంఘాల ఒత్తిడే.

ఇదంతా విన్న తెలుగు పాఠకుడికి ఒక మాట గుర్తు రావాలి. చెయ్యెత్తితే బస్సు ఆగడం మనకు కొత్తా? పల్లెవెలుగు బస్సు చేను గట్టు దగ్గర ఆగుతుంది, రావిచెట్టు కింద ఆగుతుంది, గంప దించుకునేదాకా కండక్టరు రైట్ చెప్పడు. ఊరి బస్సుకు ఈ మర్యాద అలవాటే. నగరంలోకి వచ్చేసరికి అది పోయింది. గ్రేటర్ హైదరాబాద్ పరిధిలో రాత్రి ఏడున్నర దాటాక మహిళలు కోరిన చోట బస్సు ఆపి ఎక్కించుకోవాలని, దింపాలని ఆర్టీసీ కొన్నేళ్ల క్రితమే చెప్పింది. పోయిన అలవాటును ఆదేశంతో తెచ్చే ప్రయత్నం అనుకోవచ్చు. వేళ మాంట్రియల్ చలికాలపు వేళే, ఏడున్నర!

కాగితం మీద టొరంటో నియమం, హైదరాబాద్ ఆదేశం రెండూ ఒకటే. రోడ్డు మీద కావు.

టొరంటో పద్ధతికి ప్రాణం వెనక తలుపు మూసి ఉంచడం అని చెప్పుకున్నాం. హైదరాబాద్ పాత ఆర్డినరీ బస్సుల్లో వెనక తలుపు మూసి ఉండటమే అరుదు. ఫుట్‌బోర్డు మీద నలుగురు వేలాడుతూనే ఉంటారు. ఆమె ముందు నుంచి దిగితే, వాడు వెనక నుంచి దూకడానికి బస్సు పూర్తిగా ఆగాల్సిన పని కూడా లేదు. గాలి తలుపులున్న ఎక్స్‌ప్రెస్, ఎలక్ట్రిక్ బస్సుల్లో ఈ నియమం పనికొస్తుంది. పాత బస్సులో అదే నియమం సగమే పనిచేస్తుంది. బయటి నుంచి పద్ధతిని తెచ్చుకునేటప్పుడు దాని మూలంలో ఉన్న భయాన్ని కూడా అర్థం చేసుకోవాలి. లేకపోతే అందులోని ముఖ్యమైన ముక్కే జారిపోతుంది.

డ్రైవరు వైపు నుంచి కూడా చూడాలి. స్టాపు కాని చోట ఆపితే వెనక హారన్ల మోత. దిగుతున్న మనిషిని ఎడమవైపు నుంచి దూసుకొచ్చే బైకు గుద్దితే తప్పు ఎవరి మెడకు చుట్టుకుంటుంది? ట్రిప్పు ఆలస్యమైతే సంజాయిషీ ఎవరు చెప్పుకోవాలి? ఇన్ని టెన్షన్ల మధ్య “ముందు స్టాపులో దిగమ్మా” అనడమే అతనికి సులువు. అడిగేవాళ్లూ తక్కువే. నిండుగా ఉన్న బస్సులో “అన్నా, ఆ మలుపు దగ్గర ఆపుతావా” అని గొంతెత్తడం అంటే, తాను ఎక్కడ దిగుతుందో, అక్కడ చీకటిగా ఉంటుందని తనకు తెలుసనీ బస్సంతటికీ చాటి చెప్పడమే. టొరంటోలో ఒక స్టాపు ముందే డ్రైవరు దగ్గరకెళ్లి చెప్పమన్నది ఊరికే కాదు.

ఇక స్టాపు సంగతి. ప్రయాణికులను అడగకుండా పెట్టిన వస్తువు ఎలా ఉంటుందో చూడాలంటే నగరంలో ఏ బస్ షెల్టరు దగ్గరైనా నిలబడితే చాలు. చాలా షెల్టర్లు ప్రకటనల ఆదాయం మీద కట్టినవి. కాబట్టి అవి ప్రకటన బాగా కనబడే చోట ఉంటాయి, బస్సు ఆగేది యాభై అడుగుల అవతల. వెనకా పక్కలా బోర్డులు. లోపల కూర్చున్న మనిషి రోడ్డు మీది జనానికి కనబడదు, ఆమెకు వెనక ఎవరున్నదీ కనబడదు. లైట్లు బోర్డు మీద పడతాయి, బెంచీ మీద పడవు. అందుకే రాత్రిపూట ఆడవాళ్లు షెల్టరు వదిలేసి, దుమ్మయినా వానయినా, పక్కనే ఉన్న మొక్కజొన్న బండి దగ్గరో మందుల షాపు మెట్ల మీదో నిలబడతారు. ఒక్క కాగితం మీదా రాయకుండా వాళ్లు రోజూ చేస్తున్న సేఫ్టీ ఆడిట్ ఇదే.

ఆ బండి గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. నగరపాలక సంస్థ లెక్కలో అది ఆక్రమణ, ట్రాఫిక్ పోలీసు లెక్కలో అడ్డం. రాత్రి ఎనిమిదిన్నరకు మాల్‌లో డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడే సేల్స్ గర్ల్‌కు అది ఒక బల్బు, తెలిసిన ముఖం, “ఇంకా రాలేదా అమ్మా మీ బస్సు” అనే పలకరింపు. పొద్దుపోతుంటే పోలీసు బండి వచ్చి వాటిని కట్టేయిస్తుంది. ఆ తర్వాత ఆ స్టాపు వేరే స్టాపు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో ఏర్పాటయ్యే కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారుల ప్రతినిధులు, వారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. ఏ బండి ఎక్కడ ఉండాలో చర్చించేది ఆ కమిటీయే. ఆఖరి బస్సు వెళ్లేదాకా స్టాపు పక్కన రెండు బండ్లను ఉండనివ్వమని అడగడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త పథకం అక్కర్లేదు. రవాణా భద్రత గురించి మాట్లాడేవాళ్లు ఆ కమిటీ గుమ్మం తొక్కడం మాత్రం కనబడదు.

స్టాపు పక్కన బండి లేని చోట వైన్ షాపు ఉండొచ్చు. అప్పుడు లెక్క తిరగబడుతుంది. అక్కడ జనం ఉంటారు, వెలుతురూ ఉంటుంది, అయినా ఆడవాళ్లు అక్కడ నిలబడరు. స్టాపును నాలుగు అడుగులు అటు జరిపితే సరిపోయే చోట కూడా జరగదు. ఎందుకంటే బస్సు ఆర్టీసీది, షెల్టరు, వీధి దీపం నగరపాలక సంస్థవి, షాపు ఎక్సైజ్ శాఖది, గొడవైతే పోలీసుది. నలుగురు ఆఫీసర్లలో ఎవరికి అర్జీ ఇచ్చినా మిగతా ముగ్గురిని చూపిస్తారు. “డయల్ యువర్ డీఎం”కు ఫోన్ చేస్తే డిపో మేనేజరు ఓపిగ్గానే వింటారు, బస్సు ఆలస్యం గురించి ఏదో ఒకటి చేస్తారు కూడా. వీధి దీపం ఆయన చేతిలో లేదు. ప్రయాణికురాలికి మాత్రం ఇదంతా ఒకే దారి.

ఢిల్లీలో ఈ చిక్కుముడిని ఒక వైపు నుంచి విప్పడానికి ప్రయత్నం జరిగింది. జాగోరి అనే మహిళా సంస్థ 2000ల మధ్య నుంచి టొరంటో తరహాలో రాత్రి నడకలు చేయించింది, సిటీ బస్సుల డ్రైవర్లు, కండక్టర్లతో శిక్షణ తరగతులు నడిపింది. 2013లో వచ్చిన సేఫ్టీపిన్ అనే యాప్ ఆ పనినే ఫోన్‌లోకి తెచ్చింది. వెలుతురు, కాలిబాట, చుట్టూ జనం, వాళ్లలో ఆడవాళ్లు ఎందరు, బస్సు ఎంత దూరం ఇలా తొమ్మిది అంశాలు. తొమ్మిదోది, “ఇక్కడ మీకెలా అనిపిస్తోంది” అనేది. ఇంజనీర్లు నవ్వుకునే ప్రశ్న ఇది. కానీ మిగతా ఎనిమిదీ బాగున్నా తొమ్మిదో జవాబు బాగాలేదంటే, లెక్కకు అందనిది అక్కడేదో ఉందని అర్థం. వైన్ షాపు లాంటిది. ఇలా పోగైన సమాచారంతో చీకటి ప్రదేశాల జాబితా ప్రభుత్వానికి చేరింది, చాలాచోట్ల దీపాలు పడ్డాయి.

అదే ఢిల్లీ ఇంకో దారి కూడా పట్టింది. బస్సుల్లో మార్షల్స్‌ను పెట్టింది. 2019 అక్టోబర్‌లో వాళ్ల సంఖ్యను సుమారు 13 వేలకు పెంచారు. 2023 చివరికి వాళ్లలో పౌర రక్షణ వాలంటీర్లను తీసేశారు, దాని మీద రాజకీయ రగడ నడిచింది. మార్షల్ ఉంటే బస్సులో ధైర్యంగా ఉండేదని చెప్పిన ఆడవాళ్లు ఎందరో ఉన్నారు, ఆ మాటను కొట్టిపారేయలేం. కానీ జీతం ఆగిన రోజు ఆ భద్రత ఆగింది. మార్షల్ బస్సు దాటి ఆమెతో నడిచేవాడూ కాదు. వెలిగిన వీధి దీపానికి ఈ రెండు లోపాలూ లేవు.

మన దగ్గర ఎక్కువగా జరిగింది పోలీసు వైపు నుంచి. 2014 అక్టోబర్ 24న హైదరాబాద్‌లో షీ టీమ్స్ మొదలయ్యాయి. మఫ్టీలో బస్టాపుల దగ్గర నిలబడి, వేధించేవాళ్లను వీడియో తీసి పట్టుకోవడం వాళ్ల పద్ధతి. 2024 మార్చి 12న టీ-సేఫ్ వచ్చింది. 100కు ఫోన్ చేసి 8 నొక్కితే ప్రయాణాన్ని పోలీసులు గమనిస్తూ ఉంటారు, స్మార్ట్‌ఫోనే ఉండాలన్న నియమం లేదు. ఇది తెలివైన ఏర్పాటు. అయితే వీటన్నిటిలో ప్రయాణికురాలి పాత్ర ఒక్కటే, ఆపదలో ఉన్నప్పుడు కబురు చెయ్యడం. ఆపద రాకముందు ఆమెకు తెలిసిన సంగతుల్ని అడిగి తీసుకునే చోటు ఇంకా లేదు.

కబురు చెయ్యడం కూడా అనుకున్నంత తేలిక కాదు. లండన్ రవాణా సంస్థ 2013లో జరిపిన సర్వేలో, ప్రయాణంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నవాళ్లలో సుమారు 90 శాతం మంది ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదని తేలింది. ఆ ఏడాదే అక్కడి పోలీసులు, రవాణా సంస్థ మహిళా సంఘాలను పిలిచి కూర్చోబెట్టి, సిబ్బంది ఎలా వినాలో, ఏ ప్రశ్నలు అడగకూడదో నేర్చుకున్నారు. ఇలాంటి పని ఫలిస్తే ముందు కనబడేది ఫిర్యాదులు పెరగడం. మన పత్రికల్లో అలాంటి అంకె వస్తే “పెరిగిన వేధింపులు” అని శీర్షిక పెడతారు. ఆ శీర్షిక చూసిన అధికారి మరుసటి ఏడాది అంకె తగ్గించాలనుకుంటాడు. ఫిర్యాదు తీసుకోకపోతే తగ్గుతుంది కదా.

ప్రజల భాగస్వామ్యం అనగానే మన పత్రికలకు ఇష్టమైన మాట ఇంకొకటుంది, దేహశుద్ధి. బస్సులో అసభ్యంగా ప్రవర్తించినవాణ్ని దింపి చితకబాదారు, వీడియో వైరల్ అయింది. చదివినవాళ్లకు తృప్తిగా ఉంటుంది. ఆ అమ్మాయికి ఏమవుతుంది? నలభై మంది ఫోన్లలో ఆమె ముఖం చేరుతుంది. రేపటి నుంచి ఇంట్లో “ఆ బస్సు ఎందుకెక్కావు” అనే ప్రశ్న మొదలవుతుంది, ఆ తర్వాత కాలేజీ మాన్పించే మాట. ఇంటికి తెలిస్తే చదువు ఆగుతుందన్న భయంతోనే చాలామంది అమ్మాయిలు నోరు మెదపరు. పక్క సీటు పెద్దావిడ “ఇటు రామ్మా, నా పక్కన కూర్చో” అని చోటిస్తే అక్కడికక్కడ సమస్య తీరే సందర్భాలు ఎన్నో. అలాంటివి వార్త కావు. కండక్టరు అటువైపు వచ్చి “ఏమైంది” అని ఒక్కసారి అడిగినా అంతే. అందుకే టికెట్లు కొట్టే పని కూడా డ్రైవరుకే అప్పగించి కండక్టరును తీసేసిన బస్సుల్లో మిగిలిన డబ్బుతో పాటు పోయినదేమిటో కూడా లెక్క వెయ్యాలి. “స్త్రీలను గౌరవించుట మన సంప్రదాయం” అని బస్సు లోపల రాసిన అక్షరాలు దశాబ్దాలుగా ఉన్నాయి. వాటిని చూపించి మాట్లాడే మనిషి ఉంటేనే వాటికి విలువ.

2023 డిసెంబర్ 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పథకం మొదలయ్యాక బస్సుల్లో ఆడవాళ్లు ఎప్పుడూ లేనంత మంది కనిపిస్తున్నారు. జీరో టికెట్ పుణ్యమా అని ఏ స్టేజీ నుంచి ఏ స్టేజీకి ఎందరు వెళ్తున్నారో సంస్థ దగ్గర రోజువారీ లెక్క ఉంది. ఇంత విలువైన లెక్క మరే దశాబ్దంలోనూ లేదు. రాత్రి తొమ్మిది తర్వాత ఆడవాళ్లు ఎక్కువగా దిగే ఇరవై స్టేజీలు ఏవో ఒక్క పూటలో తీయొచ్చు. అక్కడ వీధి దీపాల పరిస్థితి ఏమిటో ఒక్క రాత్రి నడిచి చూడొచ్చు. తెల్లవారుజామున చీపురుతో బయల్దేరే పారిశుద్ధ్య కార్మికురాలు, గచ్చిబౌలిలో హౌస్‌కీపింగ్ చేసి తిరిగొచ్చే ఆవిడ ఆ నడకలో ముందుండాలి. ఐటీ ఉద్యోగినికి రాత్రి కంపెనీ క్యాబ్ ఉంటుంది, వీళ్లకు బస్సే గతి. కాలనీ సంఘం అధ్యక్షుడు, ఆయన మిత్రులు నడిస్తే వచ్చే జాబితాలో కుక్కలు, గుంతలు, పార్కింగ్ ఉంటాయి. అవీ సమస్యలే, కానీ వేరే సమస్యలు.

ఇక తెలంగాణలో ఈ మధ్య జరిగిన ఒక విశేషం. 2025 మార్చి 8న మండల మహిళా సమాఖ్యలు కొన్న బస్సుల్లో తొలి విడత 50 రోడ్డెక్కాయి. పొదుపు సంఘాల మహిళలు బస్సు కొని ఆర్టీసీకి అద్దెకు ఇస్తారు, ఒక్కో బస్సుకు నెలకు 77,220 రూపాయలు. పొదుపు సంఘాలంటే నెలనెలా కూర్చుని మాట్లాడుకునే అలవాటు ఉన్న మనుషులు, లెక్కల పుస్తకం రాయడం తెలిసినవాళ్లు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన సంగతి ఈ నేలకు తెలుసు. టొరంటోలో మెట్రాక్ కూడగట్టాల్సి వచ్చిన గుంపు మన దగ్గర ప్రతి ఊళ్లో ముందే తయారుగా ఉంది. ఇప్పుడు వాళ్లు బస్సుకు యజమానులు కూడా. అయితే ఆ బస్సు ఏ వేళకు రావాలి, చీకటిపడితే ఎక్కడ ఆగాలి, ఏ స్టాపు జరపాలి అనేది అద్దె ఒప్పందంలోని విషయం కాదు, నడిపే బాధ్యత ఆర్టీసీది. తన పేరున బ్యాంకు అప్పున్న బస్సులోంచి సమాఖ్య సభ్యురాలు రాత్రి తొమ్మిదింటికి దిగి, ఊరి మొదట్లో దీపం లేని అర కిలోమీటరు ఫోన్ టార్చీ వేసుకుని నడుస్తుంది. సమాఖ్య సమావేశం ఎజెండాలో ఆ నెల అద్దె జమ అయిందా లేదా అన్నది ఎలాగూ ఉంటుంది. దాని కింద ఇంకో వరస రాయడానికి చోటుంది.